ఫలితం ఎప్పుడొస్తుంది డాక్టరు గారూ?

2020 నవంబర్‌లో కోవాక్సిన్ మూడో దశ పరీక్ష మొదలైంది. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో తయారైన ఆ టీకా కోసం దేశవ్యాప్తంగా 25,800 మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. మరుసటి మార్చికి తొలి లెక్కలు, జూలైకి తుది లెక్కలు చేతికొచ్చాయి. మొత్తం ఎనిమిది నెలలు.

ఇంకోవైపు ఎఎల్‌ఎస్ అనే నరాల జబ్బు ఉంది. మన డాక్టర్లు ఫైలు మీద మోటార్ న్యూరాన్ డిసీజ్ అనో, పొట్టిగా ఎంఎన్‌డీ అనో రాస్తుంటారు. ఫ్రెంచి వైద్యుడు షార్కో దాన్ని వర్ణించింది 1869లో. మొదటి మందు రిలుజోల్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 1995లో. అది ఆయుష్షుకు కలిపేది సగటున రెండు మూడు నెలలే. ఆ తర్వాత 'ఆశలు రేపుతున్న కొత్త మందు' అంటూ వచ్చిన వార్తలు కోకొల్లలు. మందుల షాపు దాకా చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

టీకాకు ఎనిమిది నెలలు చాలినప్పుడు మాకెందుకు ఇన్నేళ్లు అని రోగులు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. శాస్త్రవేత్తల అలసత్వమని కొందరు, కంపెనీలకు లాభం కనబడలేదని కొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ ఎదురుచూపులో కొంత భాగం జబ్బు స్వభావం వల్ల తప్పనిది. మిగతాది మనుషులు, కాగితాలు, పాత అలవాట్లు కలిసి పెంచింది. మొదటిదాన్ని తెగ్గొట్టబోతే ఏమవుతుందో, రెండోదాన్ని ఎలా తగ్గించవచ్చో ఇటీవలి ఎఎల్‌ఎస్ పరిశోధన చూస్తే అర్థమవుతుంది.

జబ్బు వేగం, పరీక్ష వేగం

కండరాలను కదిలించే నరకణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా చనిపోవడమే ఎఎల్‌ఎస్. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, లేదా నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతుంది, లేదా మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత నడక, మింగడం, చివరికి ఊపిరి. చాలామందిలో ఆలోచన మాత్రం చెక్కుచెదరదు. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువమంది రెండు నుంచి ఐదేళ్లు బతుకుతారు. 21 ఏళ్ల వయసులో, 1963లో జబ్బు బయటపడిన స్టీఫెన్ హాకింగ్ 2018 దాకా జీవించడం చాలా అరుదైన సంగతి.

ఇక పరీక్ష సంగతి. మూడో దశలో ఒక్కో రోగిని 48 వారాలు గమనించాలనుకుందాం. కావలసిన ఆరేడు వందల మందిని చేర్చుకోవడానికి ఏడాదిన్నర పట్టిందనుకుందాం. చిట్టచివర చేరిన రోగికి 48వ వారం నిండితే గానీ లెక్క మొదలవదు. ఆపైన అన్ని ఆసుపత్రుల అంకెలనూ సరిచూసి, ఇక ఎవరూ మార్చడానికి వీల్లేకుండా తాళం వేసి, అప్పుడు విప్పి చూస్తారు. అంటే మొదట చేరిన మనిషి రెండున్నరేళ్లకు పైగా ఆగాలి. రెండు నుంచి ఐదేళ్ల ఆయుష్షులో అది ఎంత భాగమో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పరీక్షలో పేరు రాయించుకున్న కొందరు దాని ఫలితం వినరు.

నూట ముప్పై కేసులు, ఎండాకాలపు చెరువులు

కోవాక్సిన్ తుది లెక్క ఆధారపడింది 130 కోవిడ్ కేసుల మీద. టీకా వేసుకున్నవాళ్లలో 24, మందు లేని ఉత్తి సూది వేసుకున్నవాళ్లలో 106. 77.8 శాతం రక్షణ అన్న అంకె ఆ తేడాలోంచే వచ్చింది. వైరస్ ఊరూరా తిరుగుతున్న రోజుల్లో 130 కేసులు పోగవడానికి ఎంతోకాలం పట్టదు. ఒకరకంగా ఆ పరీక్షను త్వరగా ముగించింది మహమ్మారే. పైగా సోకిందా లేదా అన్నది అవునో కాదో తేలిపోయే ప్రశ్న.

ఎఎల్‌ఎస్‌లో ఆ సౌకర్యం లేదు. పరీక్షలో చేరిన అందరికీ జబ్బు ఉంది, అందరిలోనూ ముదురుతోంది. మందు పనిచేస్తే ముదరడం కాస్త నెమ్మదిస్తుంది. ఆ కాస్తను పట్టుకోవాలి.

ఎండాకాలం చెరువులను ఊహించుకోండి. సగం చెరువుల గట్లకు మరమ్మతు చేశారు, సగం అలాగే వదిలేశారు. మరమ్మతు వల్ల నీరు నిలిచిందా? మర్నాడే కొలబద్ద పెడితే తేడా ఏమీ కనబడదు. పైగా ఒక చెరువు లోతు, ఇంకోటి మెరక. ఒకదాని తూము తెరిచే ఉంది, ఇంకోదాని మీద వడగాలి ఎక్కువ. ఒక్క చెరువును చూసి తీర్పు చెబితే అది గట్టు గొప్పో చెరువు గొప్పో తెలియదు. చాలా చెరువులు కావాలి, చీటీలు వేసి రెండు వాటాలుగా పంచాలి, వారాల తరబడి కొలుస్తూ పోవాలి.

రోగులూ అంతే. కొందరిలో నడక నెలల్లోనే పోతుంది, కొందరిలో ఏళ్లు పడుతుంది. చీటీలు లేకుండా డాక్టరే పంచితే, కాస్త బలంగా ఉన్నవాళ్లకు కొత్త మందు రాయాలనిపించడం మానవ సహజం. అప్పుడు మందు చేయని మేలు కూడా మందు ఖాతాలో పడుతుంది.

---

48 మార్కుల కొలత

ఎఎల్‌ఎస్ పరీక్షల్లో ప్రధానమైన కొలత ఒక ప్రశ్నావళి. మాట, ఉమ్ము, మింగడం, చేతిరాత, తినడం, బట్టలు వేసుకోవడం, పక్క మీద ఒత్తిగిలడం, నడక, మెట్లెక్కడం, ఊపిరి తీరు వంటి 12 అంశాలు ఉంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. ఏ ఇబ్బందీ లేకపోతే 48. రోగుల్లో సగటున నెలకు ఒక మార్కు పోతుంది.

ఆ తరుగుదలను నాలుగో వంతు తగ్గించే మందు దొరికిందనుకుందాం. ఆరు నెలల చివర, మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ మధ్య వచ్చే తేడా ఒకటిన్నర మార్కు. రాత్రి నిద్ర లేకపోయినా, జలుబు చేసినా ఒక మార్కు అటూ ఇటూ అవుతుంది. వందలమంది రోగులు, నెలల కొద్దీ కాలం ఎందుకు కావాలో ఈ లెక్కే చెబుతుంది.

---

ఎవరికీ తెలియని కాలం

పరీక్ష సాగుతున్నంతకాలం ఎవరు అసలు మందు మింగుతున్నారో రోగికి తెలియదు, చూసే డాక్టరుకు తెలియదు, డబ్బు పెట్టిన కంపెనీకీ తెలియదు. తెలిస్తే మార్కులు వేసే చేయి నిలకడగా ఉండదు. ఒక స్వతంత్ర కమిటీ మాత్రం మధ్యమధ్య తెర తీసి చూస్తుంది. హాని కనబడినా, మేలు తిరుగులేనిదని తేలినా, ఇక ఎంత ఆగినా మేలు బయటపడదనిపించినా ఆపేయమంటుంది. లేదంటే నోరు విప్పదు. 'ఇప్పటిదాకా ఎలా ఉంది?' అని అడిగితే డాక్టరు 'తెలియదు' అనడం దాటవేత కాదు, ఆయనకు నిజంగానే తెలియదు.

ఇక్కడే రోగులకు ఒక చిక్కు. మనోవైద్యుడు పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహచరులు 1982లో దాన్ని గుర్తించారు. పరీక్షలో చేరిన చాలామంది, ఎంత విడమరిచి చెప్పినా, ఇది తమ ఒంటికి తగ్గట్టు ఎంచి ఇస్తున్న వైద్యమే అనుకుంటారు. చీటీ వేసి పంచారన్న సంగతి చెవిన పడుతుంది కానీ మనసుకెక్కదు. సంతకం పెట్టే ముందు డాక్టరు ఇంకో అరగంట కూర్చుని చెబితే ఈ చిక్కు కొంతైనా తీరవచ్చు. రద్దీగా ఉండే మన ఓపీలలో ఆ అరగంట దొరకడమే గగనం.

ఆగలేనివాళ్లు చేసిన పరీక్ష

2008 ఫిబ్రవరిలో ఇటలీ పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. మానసిక సమస్యలకు దశాబ్దాలుగా వాడుతున్న చవక మందు లిథియంను 16 మంది ఎఎల్‌ఎస్ రోగులకు రిలుజోల్‌తో కలిపి ఇచ్చారు. మరో 28 మందికి రిలుజోల్ ఒక్కటే. 15 నెలల్లో రెండో గుంపులో మూడో వంతు దాకా చనిపోయారు. లిథియం తీసుకున్నవాళ్లలో ఒక్కరూ చనిపోలేదు.

16 మంది అంటే చాలా చిన్న అంకె. శాస్త్రజ్ఞులకు అది సందేహం, రోగులకు అది తలుపు. లిథియం ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, డాక్టరు చీటీ ఉంటే చాలు. పేషెంట్స్‌లైక్‌మీ అనే వేదికలో రోగులు తమ 48 మార్కుల లెక్కను తామే నమోదు చేసుకుంటూ ఉండేవారు. సోదరుడు స్టీఫెన్‌కు ఎఎల్‌ఎస్ రావడంతో హేవుడ్ సోదరులు 2004లో స్థాపించిన సంస్థ అది. అక్కడి రోగులు కొందరు లిథియం మొదలుపెట్టి, మోతాదులు, మార్కులు అందరికీ కనబడేలా రాయసాగారు.

ఉత్తి మాత్ర ఇచ్చే గుంపు లేదు కదా, పోలిక దేనితో? సంస్థ పరిశోధకులు ఒక ఉపాయం పన్నారు. లిథియం వాడిన 149 మందిలో ఒక్కొక్కరికీ, మందు మొదలుపెట్టే నాటికి జబ్బు దాదాపు అదే తీరులో సాగిన ముగ్గురిని తమ నమోదుల్లోంచి వెతికి జత చేశారు. అలా 447 మంది. ఏడాది తర్వాత రెండు గుంపుల మార్కుల్లో తేడా లేదు. ఈ పత్రం 2011లో అచ్చయింది. అమెరికా, కెనడాల్లో పద్ధతి ప్రకారం మొదలైన పరీక్ష కూడా 84 మందితోనే మధ్యలో ఆగిపోయింది; ఫలితం ఉండదని కమిటీకి తేలిపోయింది.

లిథియం వీగిపోయినా రోగులు ఒక మంచి పని చేశారు. పనికిరాని మందు పనికిరాదని తేల్చడంలో భాగం పంచుకున్నారు. అలాగని ఇది అందరూ అనుసరించాల్సిన దారి అనడానికి లేదు. లిథియం మోతాదు కాస్త మించితే విషం. మూత్రపిండాలు, థైరాయిడ్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

ముందే తెరిచిన తలుపు

2014లో నెత్తిన మంచునీళ్లు గుమ్మరించుకునే ఐస్ బకెట్ చాలెంజ్ గుర్తుందా? దాన్ని చూసే హైదరాబాద్ జర్నలిస్టు ఒకరు బియ్యం దానం చేసే రైస్ బకెట్ చాలెంజ్ మొదలుపెట్టారు. అసలు ఐస్ బకెట్ ఎఎల్‌ఎస్ పరిశోధన కోసం. అమెరికాలోని ఎఎల్‌ఎస్ అసోసియేషన్‌కు ఆ వేసవిలో 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో 22 లక్షల డాలర్లు ఒక కొత్త మందుకు వెళ్లాయి. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు విద్యార్థులకు తట్టిన ఆలోచన అది. రెండు పాత మందులను కలిపి పొడిగా ఇవ్వాలి. తర్వాత దాని పేరు రెలివ్రియో అయింది.

137 మందితో 24 వారాలు సాగిన రెండో దశ పరీక్షలో చిన్న మేలు కనబడింది. ఆ తర్వాత కూడా గమనిస్తూ పోతే, మందు ముందే మొదలుపెట్టినవాళ్లు కొన్ని నెలలు ఎక్కువ బతికినట్టు అనిపించింది. 664 మందితో పెద్ద పరీక్ష మొదలైంది, దాని ఫలితం రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. రోగుల సంఘాలు అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ముందు నిలబడి అడిగాయి: అప్పటిదాకా మేముంటామా?

సలహా సంఘం 2022 మార్చిలో 6-4 ఓట్లతో వద్దంది. సెప్టెంబర్‌లో మళ్లీ కూర్చుని 7-2తో సరేనంది. పెద్ద పరీక్షలో ఓడితే మందును వెనక్కి తీసుకుంటామని కంపెనీ అధిపతి ఆ సమావేశంలోనే మాటిచ్చారు. ఆ నెలాఖరుకు అనుమతి వచ్చింది. ఏడాదికి ధర లక్షా 58 వేల డాలర్లు.

2024 మార్చిలో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మందుకూ ఉత్తి పొడికీ తేడా లేదు. ఏప్రిల్‌లో కంపెనీ అమ్మకాలు ఆపేసింది. అప్పటికే వాడుతూ, ఇంకా కావాలన్న రోగులకు ఉచితంగా ఇస్తామంది. మందుల వ్యాపారంలో ఇంత సూటిగా మాట నిలబెట్టుకోవడం తరచూ చూసేది కాదు.

మరి అనుమతి ఇవ్వడం తప్పా? 2022లో చేతిలో ఉన్న లెక్కలతో, ఇంకో దారి లేని రోగుల ముందు, ఇవ్వడాన్ని మూర్ఖత్వం అనలేం. కానీ ఏడాదిన్నర పాటు కుటుంబాలు, బీమా సంస్థలు పోసిన డబ్బు, చేదు పొడిని ఓపిగ్గా మింగిన రోగుల రోజులు తిరిగి రావు. ఎదురుచూపును తగ్గించడానికీ, సాక్ష్యం రాకముందే తీర్పు చెప్పడానికీ మధ్య తేడా ఈ మందు కథలో ఖరీదుగా తెలిసొచ్చింది. కోవాక్సిన్‌కు కూడా మూడో దశ లెక్కలు రాకముందే, 2021 జనవరిలో అత్యవసర అనుమతి ఇచ్చినప్పుడు మన దగ్గర ఇదే వాదన రేగింది. అక్కడ ఫలితం అనుకూలంగా వచ్చింది కాబట్టి వాదన మరుగున పడింది.

కొలత మారితే

ఎదురుచూపును నిజాయితీగా తగ్గించే దారి ఒకటి టోఫర్సెన్ అనే మందు చూపించింది. ఎఎల్‌ఎస్ రోగుల్లో దాదాపు రెండు శాతం మందికి సోడ్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. ఆ సంగతి 1993లో తెలిసింది. ఆ జన్యువు తయారుచేసే చెడ్డ ప్రొటీన్‌ను తగ్గించే మందు ఇది. వెన్నులోకి సూదితో ఎక్కించాలి. 108 మందితో 28 వారాలు నడిచిన మూడో దశ పరీక్షలో 48 మార్కుల కొలత ప్రకారం ఓడిపోయింది. కథ అక్కడితో ముగిసేదే.

కానీ పరిశోధకులు రక్తంలో ఇంకొకటి కూడా కొలిచారు. నరకణం చితికినప్పుడు దాని లోపలి దూలాల వంటి ప్రొటీన్ ముక్కలు బయటికి కారతాయి. వాటి పేరు న్యూరోఫిలమెంట్. మందు తీసుకున్నవాళ్ల రక్తంలో అవి సగానికి పైగా పడిపోయాయి, అదీ కొద్ది నెలల్లోనే. మార్కులు కదలకముందే నరాల నష్టం తగ్గుతోందన్నమాట. 52 వారాల దాకా ఆగి చూస్తే, మందు ముందు మొదలైనవాళ్లు ఆలస్యంగా మొదలైనవాళ్ల కంటే మెరుగ్గా ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ ప్రధానంగా ఈ రక్తపరీక్ష ఆధారంగానే షరతులతో అనుమతినిచ్చింది. జన్యువు దొరికిన ముప్పయ్యేళ్లకు.

ఇంకో దారి బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి 2020లో మొదలుపెట్టిన హీలీ పరీక్ష. పాత పద్ధతిలో ఒక్కో మందుకు ఒక్కో పరీక్ష, ప్రతిదానికీ కొత్త ఆసుపత్రులు, కొత్త ఒప్పందాలు, కొత్త ఎథిక్స్ అనుమతులు, కొత్తగా ఉత్తి మాత్ర గుంపు. ఇక్కడ ఒకే చట్రంలో అనేక మందులు వరసగా వస్తుంటాయి. ఉత్తి మాత్ర గుంపు అన్నింటికీ ఉమ్మడి. అందువల్ల ప్రతి నలుగురిలో ముగ్గురికి అసలు మందే పడుతుంది. పనిచేయని మందు త్వరగా బయటికి పోతుంది, దాని చోటు ఇంకోదానికి దొరుకుతుంది. శరీరాన్ని తొందరపెట్టకుండా కాగితాలను తొందరపెట్టే పద్ధతి ఇది. ఎఎల్‌ఎస్‌లో దీన్ని ఇంతకుముందే ఎందుకు మొదలుపెట్టలేదన్నదే ఆశ్చర్యం.

మధ్యలో మనసు

ఫలితం కోసం ఆగడం మనిషిని ఏం చేస్తుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ స్వీనీ ఏళ్లుగా పరిశీలిస్తున్నారు. లాయరు పట్టా పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసే 230 మందిని ఆమె బృందం గమనించింది. ధైర్యం చెప్పుకోవడం, ఆలోచన మళ్లించుకోవడం, చెడ్డవార్తకు ముందే సిద్ధపడటం వంటి మామూలు ఉపాయాలేవీ ఆందోళనను పెద్దగా తగ్గించలేదు. పైగా, బాగా ఆందోళనపడ్డవాళ్లే తర్వాత చెడ్డవార్తను మెరుగ్గా తట్టుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో కొంచెం సాయపడినట్టు కనబడినవాటిలో ఒకటి: కాలం తెలియనంతగా మునిగిపోయే పని. 2020లో చైనాలో ఇళ్లలో చిక్కుకున్న ఐదు వేల మందికి పైగా జనంలోనూ అదే కనిపించింది.

లాయరు పరీక్షకూ ఎఎల్‌ఎస్‌కూ పోలిక ఎక్కడ అనొచ్చు, నిజమే. అయినా 'పాజిటివ్‌గా ఉండండి' అని రోగికి సలహా ఇచ్చే బంధువులు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి. భయపడటం బలహీనతేమీ కాదు.

ఆ భయం మీదే బతికేవాళ్లూ ఉన్నారు. మూలకణాల చికిత్స పేరుతో లక్షలు గుంజే క్లినిక్‌లకు మన నగరాల్లో కొదవ లేదు. ఎఎల్‌ఎస్‌కు మూలకణాల చికిత్స నిరూపితం కాలేదు. అనుమతి ఉన్న పరీక్షలో భాగంగా తప్ప ఇలాంటి చికిత్స చేయడం అనైతికమని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డ్యూక్ విశ్వవిద్యాలయ న్యూరాలజిస్టు రిచర్డ్ బెడ్‌లాక్ 2009లో మొదలుపెట్టిన ఎఎల్‌ఎస్ అన్‌టాంగిల్డ్ బృందం ఇలాంటి ప్రత్యామ్నాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, దేనికి ఎంత ఆధారముందో గ్రేడ్లు వేసి ప్రచురిస్తోంది. రోగి అడిగిన ప్రశ్నను కొట్టిపారేయకుండా జవాబు వెతికే ఇలాంటి పని మన భాషలోనూ జరగాలి.

రోగి అడగదగినవి

మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ఔషధ పరీక్షనూ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. జబ్బు పేరు కొడితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో ఏ దశ పరీక్ష జరుగుతోందో, ఎవరిని సంప్రదించాలో ఉచితంగా కనబడుతుంది. ఆ నమోదు నంబరు చెప్పలేనివాళ్లు పరీక్ష పేరుతో రమ్మంటే వెళ్లకూడదు. పరీక్షలో ఇచ్చే కొత్త మందుకు డబ్బు అడిగితే అసలే వద్దు.

చేరేవాళ్లు సంతకానికి ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉత్తి మాత్ర పడే అవకాశం ఎంత? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగుతుందా? (ఆగకూడదు.) పరీక్ష ముగిశాక మందు పనిచేస్తోందనుకుంటే కొనసాగిస్తారా? 2019 నాటి కేంద్ర నిబంధనల్లో దీనికి కొన్ని షరతులతో ఉచిత ఏర్పాటు ఉంది.

చివరి ప్రశ్న ఎక్కువమంది అడగరు: ఫలితం మాకు ఎవరు చెబుతారు? పాల్గొన్నవారికి ఫలితం తెలుసుకునే అవకాశం ఇవ్వాలని ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చెబుతోంది. ఆచరణలో మాత్రం వాటాదారులకు కంపెనీ విడుదల చేసే ప్రకటనే చాలాసార్లు రోగులకూ మొదటి కబురు. ఒక ఫోన్ కాల్, తెలుగులో ఒక పేజీ ఉత్తరం పెద్ద ఖర్చేమీ కాదు. పరీక్షలు నిర్వహిస్తున్న మన ఆసుపత్రులు ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు. రోగి చనిపోయి ఉంటే ఆ ఉత్తరం ఇంటివాళ్లకు పంపాలి.